గనిలో వేలాడిన తుమ్మ వేరు

మా రాయమల్లు కాక బొగ్గుబావిలో దిగి దిగి రిటైరైన మనిషి. భూమి లోపలి సంగతులు తనకు తెలిసినంత భూదేవికి కూడా తెలియవని ఆయన నమ్మకం.

గోదావరిఖని అవతల, పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని కంచె పక్కన ఆయనకు కొంచెం మెట్ట చెలక ఉంది. అందులో పోశవ్వ చిన్నమ్మ నాటిన మామిడిచెట్టు ఉంది. చిన్నమ్మ పోయాక కాకకు ఆ చెట్టే లోకం. ఎండలు ముదిరి, వానలు మొహం చాటేసి, చెలక బావిలో నీళ్లు అడుగంటాయి. మామిడి పిందె నిలవకుండా ఎండిపోసాగింది. గట్టున ఒకప్పుడు ఒక్కటే ఉన్న సర్కారు తుమ్మ మాత్రం పచ్చగా కంచె దాకా పాకింది.

"మామిడి నోటికాడి నీళ్లు గీ దొంగముండనే గుంజుకుంటున్నది," అంటూ కాక ఏటా నరికేవాడు. నరికిన మోడు నుంచి నాలుగు కొమ్మలు లేచేవి.

"నువ్వు క్షవరం చేస్తున్నవనుకుంటది కాకా," అంటే నా మీద గయ్యిమనేవాడు.

నేను ఆ గనిలోనే మట్టి తవ్వే షావెల్ మిషన్ నడుపుతాను. మొన్న మొదటి షిఫ్టులో కంచె కింది గని గోడ తవ్వుతుంటే నల్లటి తీగ ఒకటి వేలాడింది. కరెంటు కేబుల్ తెంపాననుకున్నాను. బకెట్టు ఆపి కేకేశాను. ఎలక్ట్రీషియన్ త్రివిక్రమ్ అన్న వచ్చి, పరీక్ష చేసి, గోటితో గీకి నవ్వాడు.

"కేబుల్ కాదురా రాజం, చెట్టు వేరు!"

తలెత్తి చూశాను. ఎక్కడో పైన, గోడ అంచున, మా కాక పోయినేడు మొదలంటా నరికిన తుమ్మ. అక్కడి నుంచి ఆ వేరు ఎర్రమట్టి దాటి, మేము మందు పెట్టి పేల్చే రాతి నెర్రెల్లో దారి చేసుకుంటూ, ఊరి నీళ్ల ట్యాంకు ఎత్తుకు రెండింతల లోతు దిగింది. పని వదిలేసి అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం.

డ్యూటీ దిగాక ఆ వేరు ముక్క తీసుకెళ్లి, గొడ్డలి నూరుకుంటున్న కాక చేతిలో పెట్టాను. జరిగింది చెబితే నమ్మలేదు. ముక్కను విరిచాడు. లోపలి తడి వేలికంటింది. ఆ వేలినే చూస్తూ అన్నాడు:

"పదిమందిమి దీపాలు పెట్టుకొని దిగిన భూమిలకు ఇది చీకట్ల ఒక్కటే దిగిందారా! దీన్ని ఇన్నేండ్లు దొంగ అంటిని."

గొడ్డలి పక్కన పెట్టాడు. మామిడి పాదులో మొలిచిన తుమ్మ పిలకలను మాత్రం ఊరుకోకుండా పీకేశాడు. తర్వాత బిందె అందుకున్నాడు.

"దాని నీళ్లు అది తెచ్చుకున్నది. మీ చిన్నమ్మ చెట్టుకు మనమే తేవాలె. పా, నల్లా కాడికి."