పచ్చ పిట్టల్లో దాగిన తెలుపు

పంజరాల అడుగు పళ్ళాలు లాగి రెట్ట గీకడంతో వుర్యానికి తెల్లారుతుంది. క్లాతెన్ ఊళ్ళో ఆ వీధంతా లవ్‌బర్డ్స్ పెంచేవాళ్ళే. నానబెట్టిన మొక్కజొన్న వేసేదీ, గూటిపెట్టెల్లో గుడ్లు చూసేదీ, తొమ్మిదో రోజున పిల్లల కాలికి రింగు తొడిగేదీ ఆమే. రింగు మీద పేరు మాత్రం భర్త పార్గోనోది. "రెట్టలెత్తే పనికి అంత ఆలోచన దేనికే?" అనేది అత్తగారు.

మూడేళ్ళ కిందట వుర్యాని నీలం పోతుల్ని పసుపు పెట్టలతో జతకట్టింది. పిల్లలన్నీ ఆకుపచ్చగా పుట్టాయి. "రంగు డబ్బాలు కలిపినట్టు కలిపావు. ఈ పచ్చవి ఊరంతా ఉన్నాయి, సంతలో ఇచ్చిపారేద్దాం," అని పార్గోనో నవ్వాడు. ఆమె ఇవ్వనివ్వలేదు. ఆ పచ్చ ఈకల కింద తండ్రి నీలమూ, తల్లి పసుపూ దాక్కున్నాయని ఆమెకి తెలుసు. ఆ రెండూ ఒక్క పిల్లలో బయటపడితే తెలుపే. ఏ పిల్ల ఎవరిదో పాత క్యాలెండరు వెనక రాసుకుని, వేరు వేరు జంటల పిల్లల్ని పెద్దయ్యాక కలిపింది. నాలుగు విడతలు, పద్దెనిమిది పిల్లలు. ఒక్కటీ తెల్లది కాదు. వంటచేస్తూ, బట్టలుతుకుతూ, ఎక్కడ తప్పానా అని లెక్క మళ్ళీ మళ్ళీ కట్టుకుంది. లెక్క తప్పలేదు. పంతొమ్మిదో పిల్ల మూతపడ్డ రెప్పల వెనక ఎర్రటి కళ్ళు, ఒంటిమీద తెల్లటి నూగు, తెల్లపిట్ట గుర్తులు రెండూ కనబడిన పొద్దున, పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొయ్యి మీద అన్నం మాడింది. అత్తగారి తిట్లు ఆమెకి వినబడనేలేదు.

ఆ తెల్లపిట్టని చూడడానికి పెంపకందారుల సంఘం పెద్ద సుదిబ్యో గారు వచ్చారు.

"రెండు పచ్చవాటికి ఇది పుట్టిందా! ఎలా సాధించావయ్యా?"

"ఏదో నా చేతి చలవండీ," అన్నాడు పార్గోనో.

"చలవ సరే, దీని తాతలెవరు?"

పార్గోనో పంజరాలకేసి చూశాడు. తర్వాత వంటింటికేసి చూశాడు. "ఏమే, టీ తెస్తున్నావా?"

వుర్యాని టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. తల దించుకుని వెనక్కి వెళ్ళిపోవడం ఆమెకి అలవాటు. ఇవాళ వెళ్ళలేదు. తాతలెవరో, అవ్వలెవరో, పద్దెనిమిదింటిలో ఏ రంగువి ఎన్నో, ఎందుకు ఆగాల్సి వచ్చిందో అంతా చెప్పింది. సుదిబ్యో గారి టీ చల్లారిపోయింది.

"నీ పేరేంటమ్మా?"

"పార్గోనో గారి భార్య అంటారండీ," అని భర్తే అందుకున్నాడు.

"వుర్యాని," అందామె.

ఆయన తలాడించారు. "పార్గోనో, వచ్చే ఆదివారం సంఘంలో కొత్తవాళ్ళకి ఇదంతా చెప్పాలయ్యా. ఆవిడ దగ్గర నేర్చుకుని వస్తావా?"

పార్గోనో నోరు తెరిచేలోగా వుర్యాని కుర్చీ లాక్కుని వాళ్ళెదురుగా కూర్చుంది.

"ఆయనకి నేర్పాలంటే మూడేళ్ళు పడుతుందండీ. ఆదివారం నేనే వస్తాను."