గట్టిమేళం మోగించిన కారు తాళం

నేను ఒక కారు తాళాన్ని. ఉత్త ఇనపముక్కననుకునేరు! నా తల నల్లటి ప్లాస్టిక్కుతో చేసింది. దాని మీద రెండు బటన్లున్నాయి. ఒకటి నొక్కితే అల్లంత దూరాన ఉన్న కారు తలుపులు మూసుకుంటాయి, రెండోది నొక్కితే తెరుచుకుంటాయి. అందుకే జనం నన్ను రిమోట్ అని కూడా పిలుస్తారు. ఆ పిలుపు వింటే నాకు కొంచెం పొగరు వస్తుందని ఒప్పుకోవాలి.

ఏదో పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. నాతోపాటు పుట్టిన కవల తాళం మా మొదటి యజమాని బీరువాలో ఎక్కడో ఉండిపోయింది. ఆయన బ్యాంకు మేనేజరు. కారు అమ్మేటప్పుడు, రెండో తాళం వెతికి పంపిస్తానని మాటిచ్చాడు. ఆరేళ్లయింది. ఇంకా వెతుకుతూనే ఉన్నాడేమో, పాపం.

అలా ఒంటరిగా కాకినాడ వచ్చి శేషారత్నం చేతిలో పడ్డాను. గాంధీనగర్‌లో ఆవిడకి జాకెట్లు కుట్టే షాపుంది. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, సొంత సంపాదనతో ఈ పాత కారు కొనుక్కుంది. భర్త విశ్వనాథం పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆయనకి డ్రైవింగ్ రాదు. పక్క సీట్లో కూర్చుని పైన ఉన్న పిడి రెండు చేతులతో పట్టుకుంటాడు. భార్య బ్రేకు వేయాలని తనకి తోచిన చోటల్లా కాలితో నేలని తొక్కుతాడు. శేషారత్నానికి ఆ కారంటే ప్రాణం. అంతవరకూ ఎవరైనా తీసుకెళ్తేనే గడప దాటిన మనిషి, ఇప్పుడు తనే వీధిలో సగం మందిని తిప్పుతోంది.

ప్రతి శుక్రవారం స్నానం చేసి వచ్చి స్టీరింగుకీ నాకూ బొట్టు పెట్టేది. తడివేలితో పసుపు అద్ది, దానిమీద కుంకుమ. నా మొహంలో నుదురెక్కడుందో చూసుకుని, సరిగ్గా తెరిచే బటన్ మీదే పెట్టేది. నేనూ పెళ్లికొడుకులా మురిసిపోయేవాణ్ణి.

కొన్నాళ్లకి ఆ బటన్ పలకడం మానేసింది. మూసే బటన్ మాత్రం శుభ్రంగా పనిచేసేది. వచ్చిన చిక్కల్లా అక్కడే. రిమోట్‌తో మూసిన తలుపుని ఇనప తాళం పెట్టి తెరిస్తే, దొంగెవడో వచ్చాడని కారు గగ్గోలు పెడుతుంది. లోపలికెళ్లి ఇంజన్ స్టార్టు చేసేదాకా ఆపదు. మూసేటప్పుడూ తాళమే తిప్పితే ఏ గొడవా ఉండదు. కానీ మనిషి బొటనవేలికి ఒకసారి అలవాటైతే చెప్పిన మాట వింటుందా? దిగగానే టక్కున నన్ను నొక్కేసేది.

వీధివాళ్లు నవ్వుకుని ఊరుకున్నారు. విశ్వనాథం కూడా ఊరుకునేవాడే, వాళ్ల ఆఫీసరుగారి అమ్మాయి పెళ్లి జరగకపోయి ఉంటే. ముహూర్తానికి ఇంకా పది నిమిషాలుందనగా, మరిచిపోయిన చదివింపుల చీర తెద్దామని శేషారత్నం బయటికొచ్చి కారు తలుపు తీసింది. కారు ఊరంతా వినబడేలా ఏడుపు లంకించుకుంది. ఆ అపశకునం వినబడకూడదని పంతులుగారు కంగారుగా మేళంవాళ్లకి చెయ్యి ఊపారు. వాళ్లు గట్టిమేళం అందుకున్నారు. గట్టిమేళం మోగింది కదాని పెళ్లికొడుకు మంగళసూత్రం అందుకుని ఒక ముడి వేయబోయాడు. నలుగురు పెద్దలు మీదపడి అతని చేతులు పట్టుకున్నారు.

ఆ పూట విశ్వనాథం భోజనానికి కూడా ఆగలేదు. ఇంటికి రాగానే కారు అమ్మేద్దామన్నాడు. మర్నాడు శేషారత్నం నన్ను తీసుకుని సర్వీస్ సెంటరుకి పరిగెత్తింది. అక్కడి అమ్మాయి నన్ను తిప్పి కూడా చూడలేదు. మొత్తం తాళం కొత్తది తెప్పించాలి, దాన్ని కారుకి కలపాలి అని, రెండు కుట్టుమిషన్లు కొనగలిగేంత అంకె చెప్పింది.

"జిప్పు పోయిందని ప్యాంటంతా మార్చమంటే ఎలాగమ్మా?" అంది శేషారత్నం. వాళ్ల పద్ధతి అంతేనంది ఆ అమ్మాయి.

అంకె విన్న విశ్వనాథం ఇంకేం ఆలోచించలేదు. సామర్లకోట నుంచి ఒకాయన ఆదివారం పొద్దున్న వచ్చి కారు చూసుకుంటాడని కబురు తెచ్చాడు. శేషారత్నం కళ్లనీళ్లు పెట్టుకోలేదు కానీ, ఆ రోజు మూడు జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టింది. నాకైతే సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆవిడ ఆనందమంతా నా ఒక్క బటన్ దగ్గర ఆగిపోయింది మరి.

శనివారం మధ్యాహ్నం, మెయిన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే మీరా సాహెబు ముందు నన్ను పెట్టింది. ఇంత చిన్నవస్తువుని విప్పాలంటే ఆయనకే చేతనవుతుందని ఆవిడ నమ్మకం. ఆయన కంటికి భూతద్దం బిగించి, నా తలని రెండుగా విప్పాడు. తర్వాత నవ్వాపుకుంటూ అన్నాడు.

"ఏం పాడైపోలేదమ్మా. లోపలంతా కుంకుమభరిణె అయిపోయిందండి."

శేషారత్నం తొంగి చూసింది. ఇన్నేళ్ల పూజ అంతా నా బటన్ కింద గడ్డకట్టి ఉంది. ఆవిడ మొహం కూడా అదే రంగులోకి మారింది. సాహెబు స్పిరిట్‌లో కుంచె ముంచి, ఆ పసుపుకుంకాలు ఎంతో మర్యాదగా తుడిచాడు. అరిగిపోయిన బుల్లి స్విచ్చిని తీసేసి, ఎవరో వదిలేసి వెళ్లిన పాత రిమోట్‌లోంచి పెసరబద్దంత స్విచ్చి పీకి అతికించాడు. కొత్త బ్యాటరీ వేశాడు. అంతా కలిపి ఒక జాకెట్ కుట్టుకూలి పాటి కాలేదు. ఇకనుంచి బొట్టు ఇనపముక్కకి పెట్టుకోమని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

ఆదివారం సామర్లకోట ఆయన వచ్చాడు. చూపించమన్నట్టు శేషారత్నం నన్ను భర్త చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడింది. విశ్వనాథం చెవులు మూసుకోబోయినంత భయంగా నన్ను నొక్కాడు. టిక్కుమని తలుపులు తెరుచుకున్నాయి, లైట్లు రెండుసార్లు మెరిశాయి. కారు కిక్కురుమనలేదు. ఆయన మూశాడు. తీశాడు. మళ్లీ మూశాడు. ఇన్నేళ్లలో ఆ కారు తన మాట వినడం అదే మొదటిసారి! బొటనవేలు నామీంచి తియ్యబుద్ధి కాలేదాయనకి.

బండి నచ్చిందని, ఎంతకిస్తారో చెప్పమని వచ్చినాయన అడిగాడు.

విశ్వనాథం భార్యవైపు చూశాడు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూస్తోంది.

"క్షమించాలండి," అన్నాడు, "మా ఆవిడ నన్నివాళ అన్నవరం తీసుకెళ్తానంది. బండి ఖాళీ లేదండి."

ఆవిడ అలా అననేలేదు. అయినా వెంటనే లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. వచ్చినాయనకి కాఫీ ఇచ్చి పంపేశారు. ఎన్ని చేతులు మారినా, ఒకరి సంతోషం ఇంకొకరి చేతిలోంచి నాకు తగలడం అదే మొదలు. కత్తిపూడి దాటేదాకా శేషారత్నం పాడుతూనే ఉంది. విశ్వనాథం ఒక చేత్తోనే పిడి పట్టుకుని, రెండో చేత్తో తాళం వేశాడు.