అఫ్సానా రాని శుక్రవారం

సోమవారం ప్రొద్దుటూరు, బుధవారం జమ్మలమడుగు, శుక్రవారం పులివెందుల. కుట్టుమిషన్ల రిపేరుకు ఆరిఫ్ పెట్టుకున్న రోజులివి. అతను కువైట్ పోయాక ఆ పనిముట్ల సంచీ భార్య అఫ్సానా భుజానికెక్కింది. పని ఆమెకు కొత్తేం కాదు. పెళ్లయిన నాటి నుంచీ మొగుడి పక్కన కూర్చుని సగం మిషన్లు విప్పి బిగించింది ఆమే.

పులివెందులకు శుక్రవారమే ఎందుకంటే, ఆ బజారులో దర్జీలంతా మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పోతారు. మామూలు రోజుల్లో మిషను కాసేపు ఆపమంటే కరిచినంత పని చేస్తారు. ఆ గంటలోనే విప్పి, నూనె వేసి, వాళ్లు తిరిగొచ్చేలోపు బిగించేయాలి.

తీరా ఆమెకు అక్కడ పని ఇచ్చేవాడే లేడు! బజారంతా ముసలి దర్జీ సిరాజుద్దీన్ వైపు చూస్తుంది. ఆ పెద్దాయన తన మిషను ఇస్తే అందరూ ఇస్తారు, లేకపోతే పులివెందుల దారి మరిచిపోవాల్సిందే. ఆయనేమో ప్రతి వారం, "వద్దులేమ్మా, ఆరిఫ్ రానీ సూద్దాం" అని షట్టరు దించి, తాళం వేసుకుని నమాజుకు పోయేవాడు. వానలో తడిసి వచ్చిన రోజూ అదే మాట.

"ఆయప్ప నీకు మిషనిస్తే నా పేరు మార్చుకుంటా పోవే" అనేది అత్త ఖమర్‌బీ. "బస్సుచార్జీలు దండగ."

ఆఖరికి ఒక శుక్రవారం అఫ్సానాకు ఒళ్లు మండింది. 'వద్దు' అనిపించుకోవడానికి ఇంత దూరం పోవాలా? కడప దగ్గరి ఖాజీపేటలో చెల్లెలు కౌసర్ ఇంటికి పోయి, బిర్యానీ తిని, పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకుని వచ్చింది. పులివెందులలో ఆమె రాలేదేమని అడిగే నాథుడెవరు?

అడిగేవాడు ఉన్నాడు. తర్వాతి శుక్రవారం బజారులో అడుగుపెట్టిందో లేదో, సిరాజుద్దీన్ అరుగు మీద నుంచే అరిచాడు.

"ఏమ్మే, పోయిన వారం యాడ సచ్చినావు?"

అఫ్సానా సంచీ కిందికి దించేలోపే ఆయన మళ్లీ అందుకున్నాడు.

"బేస్తవారం మిషను ఆగిపాయ. పెండ్లికొడుకు షేర్వానీ సగంలో ఉండె. కడప నుంచి రిపేరు మనిషిని పిలుద్దామని ఈ మౌలాలి అంటే, నేనే వద్దంటి. రేపు శుక్రవారం, ఆ పిల్ల రాక యాడికి పోతాది అంటి. సాయంత్రం దాకా దోవ సూస్తి. శనివారం పెండ్లోళ్లొచ్చి గుడ్డ ఎత్తుకపాయిరి. ఆ కడపోణ్ని అప్పుడు పిలిస్తే, రంజాన్ అయ్యేదాకా తీరదనె!"

పక్క షాపులో మౌలాలి మిషను తొక్కడం ఆపి చూస్తున్నాడు.

"మీరెప్పుడూ ఇయ్యలేదు కదా చాచా..." అంది అఫ్సానా.

"ఇయ్యకుంటే? నువ్వు వస్తాంటివి కదా! వాన పడినా వస్తాంటివి. నువ్వు రాని శుక్రవారం ఒకటుంటాదని నాకేం తెలుసు?"

ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నాళ్లూ ఈయన తనను చూడనే లేదనుకుంది. తిన్న బిర్యానీ గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

మసీదు నుంచి అజా వినిపించింది. సిరాజుద్దీన్ విసుక్కుంటూనే లేచాడు, టోపీ పెట్టుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు. తాళం మేకుకు వేలాడుతోంది. దాన్ని ముట్టుకోకుండా మెట్లు దిగాడు.

"నేను తిరిగొచ్చే లోపల అది తిరగాల" అన్నాడు. మౌలాలి ఒకసారి తెరిచి ఉన్న షాపు వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, తన మిషను మీది గుడ్డలు తీసి పక్కన పెట్టాడు.

"నాదీ ఒకసారి సూడమ్మా, అది అయినంక" అని ఆయన వెనకాలే పోయాడు.

అఫ్సానాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే గంట కాస్తా దాటిపోతుంది. కళ్లు తుడుచుకుని స్క్రూడ్రైవరు తీసింది.