గొడుగు పట్టిన చెయ్యి

ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా చోటున ఉండదని మా ఆయన విసుక్కుంటాడు. అది పెరట్లో నిమ్మచెట్టు కింద ఉంటుంది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు నేను అక్కడికి పరిగెత్తుతాను. నిమ్మకొమ్మకీ బట్టలారేసే తీగకీ మధ్య సాలీడు అల్లిన గూటి మీద సన్నగా నీళ్ళు చల్లి, వెనక నల్లగొడుగు అడ్డం పెడితే, అప్పటిదాకా కంటికి ఆనని పోగులన్నీ తేలి వస్తాయి. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోను. గాలి వీస్తే రెండూ ఊగేవి, ఫొటో అలుక్కుపోయేది. ఎన్ని ఫొటోలు బాగా వచ్చాయో ఎవరూ అడగలేదు గానీ, పాలు పొంగిపోయిన రోజులు మాత్రం ఇంట్లో అందరికీ గుర్తే.

"ఇల్లాలున్న ఇంట్లో సాలెగూళ్ళా?" అని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తయ్య అంది. బూజుకర్ర పట్టుకుని ఆవిడ ఇల్లూ పెరడూ ఒక్కటి చేసేది. ఆ కర్రకీ నాకూ చాలా ఏళ్ళు పడలేదు. మోకాళ్ళు అరిగిపోయి కర్ర మూలన పడ్డాక, ఆవిడ పెరట్లో కుర్చీ వేసుకుని నన్ను చూస్తూ కూర్చునేది. ఒకరోజు నా అవస్థ చూడలేక, "ఇటివ్వవే ఆ గొడుగు, నేను పట్టుకుంటా" అంది.

కుర్చీ చెట్టు దగ్గరికి జరిపాను. కదిలితే పోగులు ఊగుతాయి, కదలొద్దన్నాను. అంతలో లోపలినుంచి మా ఆయన తువ్వాలు కోసం కేకేశాడు. అలవాటు కొద్దీ లేవబోయిన మనిషి మళ్ళీ కూలబడింది. "కదలకుండా కూర్చోమని ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదే" అని నవ్వింది. ఆ నవ్వు ఫొటోలో పడింది. ఒక పక్క గూడు, దాని వెనక గొడుగు, ఆ గొడుగు అంచున ఆవిడ మొహం.

ఆ తరవాత రోజూ ఆవిడే గొడుగు పట్టేది. ఈ సాలీడు తన పాత గూడు తనే మింగేసి మళ్ళీ కొత్తది అల్లుకుంటుందని చెబితే, "మన వంటింటి పనే దీనిదీనూ" అంది. ఫొటోలు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, గూళ్ళని వదిలేసి తనని తనే చూసుకునేది. మొదటి ఫొటో దగ్గర చాలాసేపు ఆగింది. "ఎవరికీ చూపించకు గానీ, ఇది ఉంచవే" అంది. ఉంచుతానన్నాను.

ఆఫీసులో తన సన్మానం వీడియో తీయించుకోవడానికి మా ఆయన నా ఫోను పట్టుకెళ్ళాడు. సాయంత్రం తిరిగిస్తూ, చోటు లేకపోతే ఆ సాలెగూళ్ళన్నీ తీసిపారేశాననీ, మళ్ళీ రాకుండా ట్రాష్‌లోంచి కూడా శుభ్రంగా తుడిచేశాననీ, ఫోను ఇప్పుడు ఎంత చురుగ్గా ఉందో చూడమనీ అన్నాడు. నాకేదో మేలు చేసినట్టే ఉంది ఆ మాట.

"వాటిల్లో అత్తయ్య..." అని మొదలుపెట్టాను.

"ముందు టీ ఇవ్వు, తల పగిలిపోతోంది" అన్నాడు.

నేను టీ పెట్టడానికి వెళ్ళాను. అలా వెళ్ళినందుకు నా మీద నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అత్తయ్య అన్నీ విన్నది. వంటింట్లోకి మెల్లగా నడిచొచ్చి, "పోనీలేవే, రేపు మళ్ళీ తీద్దాం" అంది. ఆ రాత్రే జ్వరం తగిలింది. మళ్ళీ పెరట్లోకి రాలేదు. వారం తిరక్కుండానే పోయింది.

గోడకి పెట్టడానికి ఫొటో కావాల్సి వచ్చింది. ఆల్బములన్నీ నేల మీద పరిచి కూర్చున్నాం. అన్నీ మా ఆయన తీసినవే. ఒకదాంట్లో వడ్డిస్తున్న ఆవిడ వీపు, ఒకదాంట్లో ట్రే వెనక సగం మొహం, ఇంకోదాంట్లో మంచినీళ్ళ గ్లాసు అందిస్తున్న చెయ్యి. ఆవిడ కోసం వెతుకుతూ వెతుకుతూ, నేనూ ఎక్కడా లేనని చూసుకున్నాను.

"అమ్మ మొహం తిన్నగా ఉన్న ఫొటో ఒక్కటి లేదేంటి మనింట్లో?" అన్నాడు. నాకు జాలేసింది. జాలేసినా చెప్పాను.

"ఉండేవి. మీరు తీసిపారేసిన సాలెగూళ్ళ పక్కన, గొడుగు పట్టుకుని నవ్వుతూ ఉండేది."

ముందే చెప్పొచ్చు కదా అన్నాడు. చివరికి సగం మొహాన్నే పెద్దది చేయించి గోడకి పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నిమ్మకొమ్మకి కొత్త గూడు ఉంది. ఫోను కిటికీ గట్టు మీద నిలబెట్టి, దానంతట అదే తీసుకునేలా నొక్కాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, గొడుగు పట్టుకుని, ఫోను వైపు మొహం పెట్టాను. నవ్వాలనుకున్నాను, ఏడుపొచ్చింది. వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వచ్చింది. మా ఆయన నన్ను పిలిచాడు, మళ్ళీ పిలిచాడు.

ఫోను క్లిక్కుమనేదాకా నేను కదల్లేదు.