ఎడమ చేతి బోణీ

కుర్చీలో కూర్చోవడం ఇంత కష్టమని ఆర్మూర్ వచ్చేదాకా నాకు తెలియదు.

రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే గంగాప్రసాద్ సేటు అడ్తి దుకాణంలో నాకంటూ ఒక కుర్చీ వేశారు. దాని మీద మెత్త, నెత్తి మీద ఫ్యాను. నేను దుకాణంలో అడుగుపెట్టేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికి రైతులు తెచ్చిన పసుపు అమ్ముడుపోయి, కాంటా కూడా అయిపోయి, హమాలీలు మూతులకు కట్టుకున్న తువ్వాళ్లు విప్పి చాయ్ తాగుతుంటారు. నాకూ ఒక చాయ్ వస్తుంది. "తాగు బిడ్డా, ఎండల వడి వచ్చినవ్" అంటాడు సేటు. ఆ తియ్యటి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. లేచి నిలబడతాను. "కూసో బిడ్డా" అంటాడు. కూర్చుంటాను. మళ్లీ లేస్తాను. సాయంత్రం దాకా ఇదే పని.

నేను అగ్రి బిజినెస్‌లో ఎంబీఏ చదువుతున్నాను. ఆఖరి సెమిస్టర్‌లో రెండు నెలలు ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేయాలి. పట్టుబట్టి పసుపు బజారే అడిగాను. మసాలా కంపెనీలకు పసుపు కొనేవాళ్లు కావాలి. బస్తా ముందు నిలబడి, కొమ్ము విరిచి చూసి, ఇది తీసుకోవచ్చు, ఇది వద్దు అని చెప్పగలిగిన మనిషి కావాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. పుట్టుకతోనే నా కుడి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. చెయ్యాల్సిన పనులన్నీ ఎడమ చెయ్యి చూసుకుంటుంది. రాస్తుంది, వండుతుంది, అవసరమైతే ఒకటి పీకుతుంది కూడా.

రజని మేడం మా యూనివర్సిటీలో దివ్యాంగ విద్యార్థుల బాగోగులు చూస్తారు. చాలా మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక ఆమె మీద విసుక్కోబోతున్నాను. నాకంటే ముందే ఆమె ఆర్మూర్ వచ్చి సేటుతో మాట్లాడారు. అమ్మాయి బరువులు ఎత్తకూడదు, దుమ్ములో నిలబడకూడదు, పొద్దున్నే బస్సుల్లో నలగకూడదు కాబట్టి ఆలస్యంగా వస్తుంది. సేటు అన్నిటికీ తల ఊపాడట. ఇంత సహకరించే యజమానిని చూడలేదని మేడం మురిసిపోయారు.

ఆయన ఎందుకంత సహకరించాడో మూడో వారంలో గానీ తెలియలేదు. హమాలీ ఇస్హాక్ భాయ్‌ని నేనే వదలకుండా అడిగాను. అతను కాసేపు బీడీ వైపు చూసి, కాసేపు రోడ్డు వైపు చూసి చెప్పాడు.

"సేటుకు బోణీ అంటే మస్తు పట్టింపు బేటీ. మొదటి బస్తకెల్లి నమూనా కుడి చేత్తోటే ఇయ్యాలె. ఎడమ చెయ్యి పడితే దినమంత గిరాకి ఉండదని ఆయన ఫికర్. నువ్వు లేట్‌గ వస్తవని మీ మేడం చెప్పినంక ఆయన పానం నిమ్మళమైంది."

ఒకరు దయతో, ఒకరు భయంతో, ఇద్దరూ కలిసి నన్ను పదకొండింటికి కుదిర్చారు. పని జరిగే వేళ నేను బస్సులో ఉంటాను.

మేడంకి ఫోన్ చేసి, ఇక్కడ నాకు పనే ఇవ్వడం లేదని చెప్పాను. ఆమె కంగారుపడ్డారు. నిజామాబాద్‌లో ఒక బ్యాంకు ఆఫీసు ఉంది, ఏసీ ఉంటుంది, కంప్యూటర్ పని, రేపే వచ్చి నిన్ను అక్కడికి మార్చేస్తాను అన్నారు. వద్దన్నాను. "నా దగ్గర మొహమాటం ఎందుకమ్మా" అని ఫోన్ పెట్టేశారు. బ్యాంకులో కూర్చుంటే నాకు పసుపు కొనే ఉద్యోగం ఎవరిస్తారు?

మర్నాడు మా ఊరు ధర్పల్లిలో మొదటి బస్సు ఎక్కాను. మేడం వచ్చేలోపు ఒక్క బస్తా అయినా నా చేత్తో చూడాలి. అంతకు మించి ఏ ఆలోచనా లేదు.

దుకాణం ముందు బస్తాలు దిగి ఉన్నాయి. సేటు ఇంకా రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన మంగవ్వ తన బస్తాల మీదే కూర్చుని అందరినీ తిడుతోంది. ఇంటి దగ్గర పసుపు ఉడకబెట్టే కూలీలు ఆమె కోసం ఎదురుచూస్తున్నారట. ఖరీదుదారు అల్తాఫ్ సాబ్ తాళంచెవి వేలికి తిప్పుతూ, పక్క దుకాణానికి పోతానంటున్నాడు. నమూనా తియ్యడం హమాలీల పని కాదు కాబట్టి ఇస్హాక్ భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మంగవ్వ చూపు నా మీద పడింది. "నువ్వు ఎవలు బిడ్డా? దుకాణపు పిల్లవేనా?"

"అవునవ్వా."

"మరి నిలవడ్డవేంది? చూపియ్యి."

ఇన్ని రోజుల్లో ఆ దుకాణంలో నన్నెవరూ నిలబడ్డవేందని అడగలేదు. మరుక్షణం నా చెయ్యి బస్తాలో ఉంది. దోసిలి పట్టలేను కాబట్టి గుప్పెడు కొమ్ములు తీసి అల్తాఫ్ సాబ్ ముందు చాచాను. ఆయన చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. నాది గాలిలోనే ఉంది. వెనక్కి తీసుకుంటే ఇక ఎప్పటికీ చాచలేనని భయం వేసింది.

"నాకున్నది గీ చెయ్యే, సాబ్" అన్నాను.

ఆయన గొంతు సవరించుకుని కొమ్ములు తీసుకున్నాడు. ఒకటి విరిచాడు. ఠప్పుమంది, లోపల రంగు బాగుంది. ధర చెప్పాడు, మంగవ్వ గునిసింది, బేరం కుదిరింది. ఆకాశం ఊడిపడలేదు.

సేటు వచ్చాడు. ఇస్హాక్ భాయ్ చెప్పింది విని, నా మొహం చూడకుండా లోపలికి పోయి దేవుడి పటం ముందు అగరొత్తులు వెలిగించాడు. అప్పుడే రజని మేడం కారు దిగారు. సంచిలోంచి మార్పు కాగితాలు తీస్తూ, "సేటు గారూ, మీరు ఇన్నాళ్లు మా అమ్మాయిని ఎంతో బాగా చూసుకున్నారు" అని మొదలుపెట్టారు.

ఆ మాట పూర్తికాకముందే, కాంటా దగ్గర బస్తా అడుగుదాకా చూసిన అల్తాఫ్ సాబ్ తిరిగి వచ్చాడు. సేటు ముందు ఒక కొమ్మును వంచి చూపించాడు. అది విరగలేదు, వంగింది. "అడుగున పచ్చియి ఉన్నయ్ సేటు. నమూనా ఒకటి, సరుకు ఒకటి."

"మబ్బులు పట్టె, సగం ఎండకపాయె" అంది మంగవ్వ. "నేనేం దాచలె. అడిగితే చెప్పకపోదునా?"

సేటు నా వైపు తిరిగాడు. "ఎక్కడికెల్లి తీసినవ్?"

"పైనుంచే."

"పైకెల్లి తీసుడేంది? పైన ఎవలైనా మంచియే పోస్తరు. చెయ్యి సంకదాక లోపటికి పోవాలె. పని నేర్సుకుంటనని వచ్చి గింత తెల్వదా? నా దుకాణం ఇజ్జత్ తీస్తివి గదా."

మేడం మా మధ్యకు వచ్చేశారు. "సేటు గారూ, ఆమె దివ్యాంగురాలు. అలా మాట్లాడకూడదు."

సేటు గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "తప్పైంది మేడం. కూసో బిడ్డా. చాయ్ తెప్పిస్త."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని వారాలకు ఆయన నన్ను ఒక్కసారి తిట్టాడు, అది కూడా పని గురించి. దాన్ని కూడా సగంలో ఆపేశారు.

"మేడం, ఆగండి. తిట్టనివ్వండి" అన్నాను. తర్వాత సేటు వైపు తిరిగాను. "ఎడమ చెయ్యి పడ్డదని తిట్టిండ్రా సేటు, పైకెల్లి తీసిన్నని తిట్టిండ్రా?"

సేటు నిజంగానే ఆలోచించాడు. "రెండిటికి" అన్నాడు. "చెయ్యి సంగతి నేను దేవునితోటి మాట్లాడుకుంట. బోణీ నా చేత్తోటే చేస్త, గది మాత్రం ఇడువ. పైకెల్లి తీసినదానికి జవాబు నువ్వే చెప్పాలె."

ఆ బోణీ మాట నాకు నచ్చలేదు. దాని మీద ఆయనతో ఇంకా గొడవపడాలి. రేపు పడతాను, ఎల్లుండీ పడతాను. గొడవపడాలంటే ముందు నేను ఇక్కడ ఉండాలి.

మేడం మొహం చిన్నబోయింది. "మరి నీకేం కావాలి, కరుణశ్రీ?"

ఆ మాట ఆమె అడగడం అదే మొదటిసారి.

"పొద్దున్నే రావాలి మేడం. తప్పు చేస్తే తిట్లు తినాలి. నా తరఫున మీరు మాట్లాడొద్దు. నాకు జవాబు దొరకనప్పుడు ఫోన్ చేస్తాను, అప్పుడు ఎత్తండి."

మేడం కాగితాలు సంచిలో పెట్టుకున్నారు.

"ముచ్చట్లు అయినయా?" అని అరిచాడు సేటు. "అల్తాఫ్ సాబ్ నిలవడ్డడు. మంగవ్వది గా ఇంకో బస్త తాడు ఇప్పు."

తాడు ఒక కొస పళ్లతో పట్టి, ఇంకో కొస చేత్తో లాగాను. సాయం చెయ్యబోయిన మేడం చెయ్యి మధ్యలోనే ఆగింది. బస్తా మూతి తెరుచుకుంది. చెయ్యి సంకదాకా లోపలికి దించాను. మెడ దాకా పసుపు అంటింది, తుమ్ములు వచ్చాయి. అడుగున వేళ్లకు చల్లగా, కాస్త మెత్తగా తగిలింది. పైకి తీసి వంచి చూశాను.

"ఇది గూడ పచ్చిదే, సేటు."

"నాకేం చెప్తున్నవ్?" అన్నాడాయన. "కొనేటోనికి చెప్పు."