రెండు సెకన్ల ఖాళీ

మా అపార్ట్‌మెంట్స్‌లో ఎవరికి సీడీ కావాలన్నా నా గుమ్మమే తొక్కేవారు. అమెరికాలో మేముండే ప్లేనోలో మా అందరివీ పాత కార్లే. వాటి స్టీరియోలు ఎంపీత్రీలు పాడవు. ఆడియో సీడీ చేసిస్తేనే పాడతాయి, అదీ ఎనభై నిమిషాలే. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కదు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, లోపల భలే గొప్పగా ఉండేది.

రెండువేల ఆరు మార్చిలో పక్క బ్లాక్ వీరాంజనేయులు చిన్న వాయిస్ రికార్డర్ పట్టుకొచ్చాడు. వాళ్లావిడ శాంతి జనవరిలో క్యాన్సర్‌తో పోయింది. కీమో రోజుల్లో ఆవిడ మంచం మీద కూర్చుని పాడుతుంటే తను పక్కనే ఉండి రికార్డ్ చేశాడట. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదన్నాడు. ఇంట్లో వినలేకపోతున్నాననీ, ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ వింటాననీ అన్నాడు. జాగ్రత్త అని రెండుసార్లు చెప్పేసరికి, నాకు చెప్తావేంటయ్యా అని కసిరాను.

తీరా కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే తొంభై ఆరు నిమిషాలుంది. రెండు సీడీలు చేస్తే సరిపోయేది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఒక్కదాంట్లో పట్టించడమే పనితనం అనుకున్నాను. పాటకీ పాటకీ మధ్య దగ్గులు, గ్లాసు చప్పుళ్లు, ఏవో మాటలు. సరిగా వినను కూడా వినకుండా అన్నీ కత్తిరించి, అదే ఫైల్ మీద సేవ్ చేశాను. పద్నాలుగు పాటలు మిగిలాయి. ఎవరి మెమరీ అయినా ఖాళీ చేసి తిరిగివ్వడం నాకు అలవాటు. రికార్డర్ కూడా తుడిచేశాను.

వారం తర్వాత పార్కింగ్‌లో కనబడి కారెక్కమన్నాడు. మెచ్చుకుంటాడనుకుని ఎక్కాను. శాంతి పాడుతోంది.

"మధ్యలో మాటలున్నాయి కదన్నా, అవి వేరే సీడీలో పెట్టావా?"

తీసేశానని చెప్పాను. రికార్డర్ సంగతీ చెప్పాను. ఆ తర్వాత నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వాడి చూశాను, ఒక్క మాట కూడా వెనక్కి రాలేదు.

ఆ రోజు అతను నన్ను తిట్టినా బాగుండేది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"పాటలు దేవుడికి పాడుకుందన్నా. నాతో మాట్లాడింది మధ్యలోనే. ఏమండీ, అన్నం తిన్నారా అని అడిగింది."

ఇంతలో పాట అయిపోయింది. సీడీ చేసేటప్పుడు కంప్యూటర్ తనంతట తనే పాటల మధ్య రెండు సెకన్ల ఖాళీ పెడుతుంది. వీరాంజనేయులు చెయ్యి చాచి వాల్యూమ్ చివరిదాకా తిప్పి, స్టీరియో దగ్గరికి చెవి వంచాడు. తర్వాతి పాట మొదలవగానే తగ్గించేశాడు.

పద్నాలుగు పాటలూ అయ్యేదాకా ప్రతిసారీ అలాగే చేశాడు.