తనిఖీ రోజు మూలుగు

ఇంటికి ప్రభుత్వమిచ్చే భత్యం ఇంకా అవసరమో కాదో చూసిపోవడానికి ఆర్నెల్లకోసారి ఆఫీసావిడ వస్తుందంటే చాలు, అత్తగారు పొద్దున్నే దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు నిజమే గానీ, ఆ మూలుగు మాత్రం అచ్చంగా ఆవిడ సొంత కళ. "కాస్త తగ్గించండి అత్తయ్యా, ఆవిడ అంబులెన్స్ పిలిచేయగలదు" అని కోడలంటే, "నీకు తెలీదు, ఊరుకోవే" అని కసురుతుంది. ఈ గడుసు ముసలావిడంటే కోడలికి ప్రాణం.

ఈసారి మాత్రం కోడలికి నవ్వు రాలేదు. ఆసుపత్రి లాండ్రీలో రోజూ రెండు గంటలు దుప్పట్లు మడతపెడుతుందామె. సోమవారం నుంచి రోజంతా రమ్మన్నారు. వెళ్తే భత్యం ఆగిపోతుంది, వచ్చే జీతమూ ఇంచుమించు అంతే. "ఆ మాత్రానికి అంత చాకిరీ ఎందుకు? నా మిల్లు మూతపడలేదూ, రేపు ఆ లాండ్రీ సంగతీ అంతే. పైగా అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు భర్త. మంచివాడే. మందు ముట్టడు, మాట తూలడు. టీ తాగిన గ్లాసు మాత్రం కూర్చున్నచోటే వదిలేస్తాడు. లాండ్రీలో పెద్దావిడ మాత్రం ఒకరోజు, "నీ మడతలో అంచు మీద అంచు తప్పదమ్మా" అంది. పదకొండేళ్ళుగా ఇంట్లోనూ మడతపెడుతూనే ఉంది, ఒక్కరూ ఆ అంచు చూసిన పాపాన పోలేదు.

ఆఫీసావిడ వచ్చి కాగితాలు తీసింది. కోడలు అత్తగారి మోకాళ్ళకి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడుతోంది.

"ఈమె ఏం చేస్తుంటారు?" అని భర్తనడిగింది.

"రెండు గంటలు లాండ్రీకి వెళ్తుందండీ. మిగతా రోజంతా ఖాళీయే."

మూలుగు ఠక్కున ఆగింది. అత్తగారు దుప్పటి తన్నేసి లేచి కూర్చుంది.

"ఖాళీయా? ఒరేయ్, నాకు స్నానం చేయించేదెవర్రా? నీ బనీన్లు ఉతికేదెవరు? మొన్న జ్వరంతో కూడా మనిద్దరికీ వండి పెట్టిందెవరు?"

"మీరు లేవలేరని రాసుందే ఇక్కడ?" అంది ఆఫీసావిడ.

అత్తగారు నాలుక్కరుచుకుని వెనక్కి వాలింది. కాస్త ఆలస్యంగా ఓ మూలుగు మూలిగింది.

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భత్యం పోతుందన్న ధ్యాస కూడా లేకుండా తన కోసం ఇంత కోపం తెచ్చుకున్న మనిషి ఇన్నేళ్ళలో ఇంకొకరు లేరు.

"సోమవారం నుంచి నేను రోజంతా పనికి వెళ్తున్నానండీ. రాసుకోండి."

ఆఫీసావిడ రాయడం ఆపి ఆమె వైపు చూసింది.

"భత్యం ఆగిపోతుంది, తెలుసుగా? మరి ఈవిడ్ని చూసుకునేదెవరు?"

ఆమె గుడ్డని వేడినీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, భర్త చేతిలో పెట్టింది.

"ఆవిడ కన్నకొడుకు."